టికెట్ డబ్బులు ఎవరిస్తారు? విదేశీ పరిశోధనకు వెళ్లే స్కాలర్లకు చిట్కాలు

విదేశంలో పేపర్ చదవడానికి పిలుపు వచ్చినా, అక్కడి ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేసుకునే వీలు దొరికినా, టికెట్ ఖర్చు తలుచుకుని ఆ మాట ఇంట్లో ఎత్తని రీసెర్చ్ స్కాలర్లు మన యూనివర్సిటీల్లో ఎంతోమంది ఉన్నారు. ఫెలోషిప్ పడగానే అందులో కొంత ఊరికి పంపేవాళ్లు లక్ష రూపాయల టికెట్ గురించి ఎలా ఆలోచిస్తారు? అయితే ఈ ఖర్చు భరించడానికి గ్రాంట్లు ఉన్నాయి. ఏ కాగితం ఎప్పుడు పెట్టాలో చెప్పే మనిషి లేక అవి చాలామందికి అందడం లేదు. ఇంట్లో తొలిసారి పీహెచ్‌డీ దాకా వచ్చినవాళ్లకు ఈ లోటు మరీ ఎక్కువ. ఈ చిట్కాలు ముఖ్యంగా వాళ్ల కోసం. ఇక్కడ చదువుతూ బయటికి వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లకు పనికొచ్చేవి చివర్లో ఉన్నాయి.

1. అక్కడికే ఎందుకు వెళ్లాలో రెండు వాక్యాల్లో రాసుకోండి.

తమ పరిశోధన ముఖ్యమైనదని దరఖాస్తులో అందరూ రాస్తారు. కమిటీ అడిగేది వేరు: ఈ పని ఇక్కడ కూర్చుని చేస్తే ఎందుకు కాదు? అమరావతి స్తూపం మీద పనిచేసే విద్యార్థిని తీసుకోండి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన ఫలకాల్లో చాలావాటిని 1859లో ఓడ మీద లండన్ పంపేశారు. ఇవాళ అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో వందకు పైగా అమరావతి శిల్పాలున్నాయి. ఇలియట్ కంటే ముందు, 1816 ప్రాంతంలో కాలిన్ మెకంజీ తన మనుషుల చేత ఆ శిల్పాలకు గీయించిన బొమ్మలు అదే ఊళ్లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మ్యూజియంలో ఫలకాన్ని, లైబ్రరీలో దాని తొలి బొమ్మను ఒకే వారంలో చూసి పోల్చుకోవాలి అని రాస్తే లండన్ ఎందుకో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

అదే మెకంజీ సేకరించిన తెలుగు కైఫియత్తుల మీద పనిచేసేవాళ్లు లండన్ ప్రయాణం అడిగితే చిక్కే. ఆ తెలుగు ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. లండన్‌కు చేరినవి ప్రధానంగా ఇంగ్లిష్ అనువాదాలు, పటాలు, బొమ్మలు. ఈ తేడా గమనించకుండా దరఖాస్తు పెడితే, కమిటీలో ఒక్క చరిత్ర ప్రొఫెసర్ ఉన్నా ఫైలు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి మీకు కావలసినవి ఏ సంస్థలో ఏ నంబరు కింద ఉన్నాయో కేటలాగ్ చూసి జాబితా రాయండి. వాటిలో ఆన్‌లైన్‌లో దొరికేవి ముందే తీసేయండి. మిగిలిన వాటి కోసమే వెళ్తున్నానని చెప్పండి.

సైన్సు వాళ్లకు ఈ పని కొంత తేలిక. హాంబర్గ్‌లో పెట్రా-3 సింక్రోట్రాన్ మీద ఫలానా తేదీల్లో మీకు బీమ్ టైమ్ ఇచ్చామని ఉత్తరం చేతిలో ఉంటే, ఎందుకు వెళ్లాలన్న ప్రశ్నకు అదే జవాబు.

2. పేరు అన్ని కాగితాల మీదా ఒకేలా ఉందో లేదో ఇవాళే చూసుకోండి.

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. టెన్త్ మెమో మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో పడి ఉంటుంది. అలాంటి పాస్‌పోర్ట్ మీద అమెరికా వీసా వేస్తే అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అన్న మూడక్షరాలు కనిపిస్తాయి. ఆహ్వాన లేఖలో ఒక పేరు, టికెట్ మీద ఒక పేరు, సాంక్షన్ ఆర్డర్‌లో ఇంకో పేరు ఉంటే బిల్లు పాస్ చేసే ఆడిట్ సెక్షన్ ప్రశ్నలు వేస్తుంది. పేపర్ పంపే రోజు నుంచే పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరునే, అక్షరం తేడా లేకుండా, అన్నిచోట్లా వాడండి.

పాస్‌పోర్ట్ ఇంకా లేకపోతే పీహెచ్‌డీలో చేరిన ఏడాదే తీసుకోండి. 36 పేజీల పుస్తకానికి ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్‌లో అయితే ఇంకో 2,000. ఉన్నవాళ్లు గడువు చూసుకోండి. తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా కనీసం ఆరు నెలలు మిగిలి ఉంటే ఏ దేశానికైనా చిక్కు రాదు.

3. ఇచ్చేవాళ్ల జాబితా మీ దగ్గర ఉండాలి.

ముందు సొంత యూనివర్సిటీలో అడగండి. డీన్ ఆఫీసులో, పరిశోధన విభాగంలో, కొన్నిచోట్ల పూర్వ విద్యార్థులు పెట్టిన నిధిలో ప్రయాణాలకంటూ కొంత డబ్బు ఉంటుంది. ఏడాది చివరికి అది ఖర్చు కాకుండా మిగిలిపోయే సందర్భాలూ ఉంటాయి. గైడ్ ప్రాజెక్టులో ప్రయాణ పద్దు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉన్నవాళ్లకు ఏటా 2 లక్షల రూపాయల పరిశోధన గ్రాంట్ విడిగా వస్తుంది.

బయటి సంస్థల్లో సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు సెర్బ్ నడిపిన అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం అందరికీ తెలిసిందే. 2023 చట్టంతో సెర్బ్ స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది కాబట్టి సమాచారం ఇప్పుడు అక్కడ వెతకాలి. సీఎస్‌ఐఆర్, బయోటెక్నాలజీ శాఖ, ఐసీఎంఆర్, సాంఘిక శాస్త్రాలకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఎవరి రంగంలో వాళ్లు ఇస్తారు. కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు ఏసీఎం ఇండియా, ఐఏఆర్‌సీఎస్ కలిసి ఇచ్చే గ్రాంట్లున్నాయి.

నెలల తరబడి ఉండాల్సిన పని అయితే దారి వేరు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికాలో ఉంచుతుంది. జర్మనీకి డాడ్, ఫ్రాన్స్‌కు రామన్-చార్పాక్ ఫెలోషిప్ ఉన్నాయి. గణితం, భౌతికశాస్త్రం వాళ్లు ఇటలీలోని ట్రియస్తే నగరాన్ని మరవకండి. 1964లో అబ్దుస్ సలాం అక్కడ స్థాపించిన ఐసీటీపీ, మనలాంటి దేశాల పరిశోధకుల కోసమే పుట్టిన సంస్థ. దాని వర్క్‌షాపులకు సాధారణంగా రిజిస్ట్రేషన్ రుసుము ఉండదు, కొందరికి ప్రయాణ ఖర్చు కూడా ఇస్తారు.

ఒక గందరగోళం కూడా తీర్చుకోండి. మన రాష్ట్రాల్లో అంబేడ్కర్ పేరుతో ఉన్న ఓవర్సీస్ విద్యానిధి విదేశంలో పూర్తి డిగ్రీ చదివేవాళ్లకు. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ మూడు వారాలు వెళ్లొచ్చేవాళ్లకు అది వర్తించదు.

4. సదస్సు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

యాక్సెప్టెన్స్ లెటర్ వచ్చాక గ్రాంట్ వెతుకుదామనుకుంటే అప్పటికే సగం తలుపులు మూసుకుని ఉంటాయి. ఫుల్‌బ్రైట్ లాంటివాటికి దాదాపు ఏడాది ముందు దరఖాస్తు పెట్టాలి. చిన్న ప్రయాణ గ్రాంట్లకూ వారాల నుంచి నెలల దాకా గడువులుంటాయి. సంస్థలు "యాక్సెప్టెన్స్ తర్వాత పంపిస్తాం" అన్న మాట మీద దరఖాస్తు ముందే తీసుకుంటాయా లేదా అన్నది పథకాన్ని బట్టి మారుతుంది. ఒక ఈమెయిల్‌తో తేలిపోయే సంగతి అది. డిపార్ట్‌మెంట్ నుంచి హెచ్‌ఓడీ, అక్కడి నుంచి డీన్, రిజిస్ట్రార్ దాకా సంతకాలకు పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోండి. సెలవులు, పరీక్షల సీజన్, ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి నెల ఆ ఫైలును ఇంకా వెనక్కి లాగుతాయి.

5. ఆహ్వాన లేఖ అడిగి మళ్లీ రాయించుకోండి.

సదస్సువాళ్లు అందరికీ పంపే ఉత్తరం వీసాకూ సరిపోదు, గ్రాంట్‌కూ సరిపోదు. మీ పూర్తి పేరు, పాస్‌పోర్ట్ నంబరు, పేపర్ శీర్షిక, నోటితో చదువుతారా పోస్టరా, తేదీలు, వాళ్లు ఏ ఖర్చు పెట్టుకుంటారు ఏది పెట్టుకోరు అన్నవి అందులో ఉండాలి. ఆఖరిది చాలా ముఖ్యం. "మేము ఏమీ ఇవ్వడం లేదు" అని వాళ్లు రాసిచ్చినా మీకు మేలే. ఇక్కడ డబ్బు అడగడానికి అదే ఆధారం. ల్యాబ్‌కు వెళ్లేవాళ్లయితే మీకు బల్ల, పరికరాలు, ఇన్సూరెన్స్ ఎవరు చూస్తారో అక్కడి ప్రొఫెసర్ చేత రాయించండి.

6. బడ్జెట్‌లో ప్రతి అంకెకూ పక్కన ఒక ఆధారం పెట్టండి.

"ప్రయాణం, వసతి, ఇతరాలు" అని మూడు గుండుగుత్త అంకెలు వేసిన బడ్జెట్‌ను ఎవరూ నమ్మరు. విమానం టికెట్‌కు ఆ రోజు చూసిన ధర స్క్రీన్‌షాట్, గదికి హాస్టల్ వెబ్‌సైట్ ధర, వీసాకు రాయబార కార్యాలయం ప్రకటించిన రుసుము, రిజిస్ట్రేషన్‌కు సదస్సు పేజీ... ఇలా ఒక్కోదాని వెనక కాగితం జతచేయండి. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రైలు, రోజువారీ బస్సు పాస్, ఆర్కైవ్‌లో ఫొటోలు తీసుకునే రుసుము, ఇన్సూరెన్స్ మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ప్రభుత్వ సంస్థలు సాధారణంగా దగ్గరి దారిలో ఎకానమీ తరగతి టికెట్‌కే ఒప్పుకుంటాయి. హైదరాబాద్ నుంచి కాకుండా మీ ఊరి నుంచి బయలుదేరేట్టయితే ఆ రైలు, బస్సు చార్జీలు కూడా వేయండి. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చే విద్యార్థికి అది చిన్న ఖర్చేం కాదు.

అడగడానికి సిగ్గుపడి తగ్గించి రాయడం మంచి పద్ధతి కాదు. తక్కువ రాసినందుకు ఎవరూ మెచ్చుకోరు, మిగతాది మీ జేబులోంచి పోతుంది. గ్రాంట్ ఇచ్చే మొత్తానికి పరిమితి ఉంటే, అసలు ఖర్చు పూర్తిగా చూపించి, తక్కువ పడినది ఎక్కడి నుంచి తెస్తున్నారో కింద రాయండి.

7. ఇద్దరి దగ్గర అడగొచ్చు, ఒకే బిల్లు ఇద్దరికీ చూపకూడదు.

ఒకరు టికెట్, ఇంకొకరు రిజిస్ట్రేషన్ భరిస్తే తప్పులేదు. పైగా చాలా కమిటీలకు అది నచ్చుతుంది. ఎవరి దగ్గర ఏం అడిగారో రెండు దరఖాస్తుల్లోనూ రాయండి. ఒరిజినల్ బిల్లు ఒకరికే ఇస్తారు కాబట్టి, రెండోవాళ్లు అడిగితే ఇచ్చేందుకు మొదటి ఆఫీసు చేత అటెస్ట్ చేయించిన నకలు తీసిపెట్టుకోండి.

8. అడ్వాన్స్ అడగండి. రాతపూర్వకంగా అడగండి.

వీటన్నిటిలో నాకు ముఖ్యమైనది ఇదే. మన దగ్గర ట్రావెల్ గ్రాంట్లలో చాలాభాగం రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో నడుస్తాయి. అంటే ముందు మీరు ఖర్చుపెట్టాలి, తిరిగొచ్చి బిల్లులు పెట్టాలి, నెలల తర్వాత డబ్బు మీ ఖాతాలో పడుతుంది. గ్రాంట్ వచ్చిందన్న ఉత్తరం చేతిలో ఉండి కూడా టికెట్ కొనలేక ఆగిపోయేది ఎవరు? నాన్న కౌలు రైతో, అమ్మ అంగన్‌వాడీ ఆయానో అయిన పిల్లలు. బంగారం కుదువపెట్టి, వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీ ఏ గ్రాంట్‌లోనూ తిరిగిరాక నష్టపోయేది కూడా వాళ్లే. ఎవరి కోసం ఈ పథకాలు పెట్టారో వాళ్లకే ఈ పద్ధతి అడ్డుపడుతోంది. ఇది మారాలి.

మారేదాకా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సాంక్షన్ రాగానే ఆ ఆర్డర్ నకలు జతచేసి అడ్వాన్స్ కోరుతూ ఫైనాన్స్ ఆఫీసర్‌కు గైడ్ ద్వారా అర్జీ పెట్టండి. అడిగినవాళ్లకు ఇచ్చే నిబంధన చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది. అడగనివాళ్లకు తమంతట తాముగా ఎవరూ ఇవ్వరు. నగదు అడ్వాన్స్ కుదరదంటే, యూనివర్సిటీయే ట్రావెల్ ఏజెంట్‌కు నేరుగా డబ్బు కట్టి టికెట్ తీయమనండి. రిజిస్ట్రేషన్ రుసుము డిపార్ట్‌మెంట్ లేదా ప్రాజెక్టు ఖాతా నుంచి కట్టించవచ్చేమో కనుక్కోండి. సదస్సువాళ్లకు రాస్తే విద్యార్థులకు రుసుము మాఫీ చేసేవాళ్లున్నారు, వాలంటీర్‌గా పనిచేస్తే ఉచితంగా రానిచ్చేవాళ్లూ ఉన్నారు. అక్కడి యూనివర్సిటీ గది అద్దె వాళ్ల వైపే చూసుకోగలదా అని ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్‌ను అడగడం మర్యాద తక్కువేం కాదు.

గైడ్లకూ, హెచ్‌ఓడీలకూ ఒక మాట. మీ స్కాలర్ "వెళ్లను సార్, వేరే పనుంది" అంటే నమ్మేయకండి. డబ్బు సంగతి విడిగా, నలుగురి ముందు కాకుండా, అడిగి తెలుసుకోండి.

9. టికెట్ ఎక్కడ పడితే అక్కడ కొనకండి.

కేంద్ర ప్రభుత్వ సొమ్ముతో చేసే ప్రయాణాలకు 2022 జూన్‌లో ఆర్థిక శాఖ నియమాలు పెట్టింది. బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ఈ మూడింటి ద్వారానే, కనీసం 21 రోజుల ముందు, ఉన్నవాటిలో చవక టికెట్ తీయాలని. చాలా గ్రాంట్లలో ఇదే నియమం వర్తింపజేస్తారు. వేరే సైట్‌లో రెండు వేలు తక్కువకు దొరికిందని కొంటే బిల్లు మొత్తం వెనక్కి రావచ్చు. మీ సాంక్షన్ ఆర్డర్‌లో ఏముందో చదివి, అనుమానం ఉంటే కొనేముందే సెక్షన్‌లో రాతపూర్వకంగా అడగండి. పని అయ్యాక నాలుగు రోజులు ఊరు చూడాలనుకుంటే అదీ ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఆ నాలుగు రోజుల ఖర్చు మీదే.

10. వీసా స్లాట్ గ్రాంట్ కోసం ఆగదు.

గ్రాంట్ ఉత్తరం వచ్చాక వీసాకు వెళ్దామని కూర్చుంటే సదస్సు అయిపోతుంది. షెంగెన్ దేశాలకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టి తీరాలి. రుసుము 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు. చాలామందికి తెలియనిది ఒకటుంది. షెంగెన్ వీసా కోడ్ 16వ అధికరణ ప్రకారం శాస్త్రీయ పరిశోధనకు, శాస్త్రీయ సదస్సులకు వెళ్లే పరిశోధకులకూ, చదువు నిమిత్తం వెళ్లే పోస్ట్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులకూ ఈ రుసుము మాఫీ. యూనివర్సిటీ నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్, ఆహ్వాన లేఖ పట్టుకుని మాఫీ కావాలని అపాయింట్‌మెంట్ రోజే అడగండి. వీసా కేంద్రం తీసుకునే సర్వీస్ చార్జీ మాత్రం కట్టాలి. 30,000 యూరోలకు తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

అమెరికాకు హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ దొరకడం ఒక్కో కాలంలో ఒక్కోలా ఉంటుంది. కొవిడ్ తర్వాతి రోజుల్లో ఏడాదికి పైగా ఆగినవాళ్లున్నారు. అణుశక్తి, క్షిపణులు, కొన్ని రకాల జీవశాస్త్ర పరిశోధన వంటి రంగాలవాళ్లకు ఇంటర్వ్యూ అయ్యాక కూడా వలస చట్టం 221(జి) సెక్షన్ కింద అదనపు పరిశీలన పడి వారాలు గడిచిపోవచ్చు. మీ పని ఏమిటో సామాన్యులకు అర్థమయ్యే భాషలో ఒక పేజీ రాసి ఫైల్లో ఉంచుకోండి. వీసా తిరస్కరిస్తే టికెట్, రిజిస్ట్రేషన్ డబ్బుల సంగతి ఏమిటో గ్రాంట్ నియమాల్లో ముందే చూడండి.

11. ఫీల్డ్‌వర్క్‌కు వీసా ఒక్కటే చాలదు.

మారిషస్‌లోనో దక్షిణాఫ్రికాలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలతో మాట్లాడాలంటే మీ యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఆమోదం ముందుండాలి. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లిన కూలీల కథ రాయాలన్నా, వాళ్ల మనవలను అడగాలన్నా రెండు వేర్వేరు అనుమతులు; మొదటిది ఆర్కైవ్ చూసుకుంటుంది, రెండోదానికి మనుషుల సమ్మతి కావాలి. మారిషస్‌లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస కూలీల రికార్డులున్నాయి. అలాంటిచోట్లకు ఏం చూడాలనుకుంటున్నారో ముందే రాసి జవాబు తెప్పించుకోండి. కొన్ని దేశాల్లో పరిశోధనకే లైసెన్స్ ఉంటుంది. కెన్యాలో నకోస్టి అన్న సంస్థ ఇస్తుంది. మన మొక్కలో, సూక్ష్మజీవుల నమూనాలో తీసుకెళ్లేవాళ్లు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు చూడకుండా పెట్టె సర్దకండి.

ఆర్కైవ్ తెరిచి ఉందో లేదో కూడా చూసుకోవాలి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి నెలల తరబడి సేవలు స్తంభించాయి. 2024 జనవరిలో కేటలాగ్ తిరిగి వచ్చింది గానీ అన్నీ ఒక్కసారిగా కుదురుకోలేదు. ఆ నెలల్లో టికెట్ కొనుక్కుని ఉన్న స్కాలర్ల గతి ఊహించుకోండి. ప్రయాణానికి నెల ముందొకసారి, వారం ముందొకసారి అక్కడి సిబ్బందికి ఈమెయిల్ రాయండి.

12. రెండు రోజుల్లో పేపర్ ఒప్పుకున్న సదస్సును నమ్మకండి.

అన్ని సబ్జెక్టులూ ఒకేచోట కలిపి, పెద్ద నగరంలో హోటల్లో, రుసుము కట్టమని రోజుకో మెయిల్ పంపేవాళ్లు విద్యార్థి డబ్బు కోసమే ఉన్నారు. కమిటీ సభ్యుల్లో మీ రంగంవాళ్లు ఎవరు, గత సదస్సుల పేపర్లు ఎక్కడ అచ్చయ్యాయి, వెనక ఏ విద్వత్ సంఘం ఉంది అన్న మూడు చూస్తే చాలు. అలాంటి చోటుకు గ్రాంట్ తీసుకుని వెళ్తే మంచి సదస్సు వచ్చినప్పుడు మీ వంతు అయిపోయి ఉంటుంది, ఎందుకంటే చాలా పథకాల్లో ఒకసారి తీసుకున్నాక కొన్నేళ్ల దాకా మళ్లీ ఇవ్వరు.

13. వెళ్లేముందు యూనివర్సిటీ ఆర్డర్ చేతిలో ఉండాలి.

ఎన్‌ఓసీతో పాటు, ఆ రోజులను డ్యూటీగా లెక్కిస్తారని, ఫెలోషిప్ ఆగదని ఆర్డర్‌లో ఒక్క వాక్యం రాయించుకోండి. నోటిమాట మీద వెళ్తే తిరిగొచ్చాక ఫెలోషిప్ బిల్లు ఆగే ప్రమాదం ఉంది.

14. డబ్బు మూడు రకాలుగా పెట్టుకోండి.

ఫారెక్స్ కార్డు, ఇంకో బ్యాంకు కార్డు, కొంత నగదు. మామూలు దేశాలకు ఒక్కో ప్రయాణంలో 3,000 డాలర్ల విలువకు మించి నోట్లు తీసుకోకూడదు. 50,000 రూపాయలు దాటిన విదేశీ మారకం కొంటే నగదు ఇచ్చి కొనలేరు, బ్యాంకు ద్వారా కట్టాలి. ఫారెక్స్ కొన్న రసీదు పారేయకండి, మారకం రేటుకు ఆఫీసులో అదే రుజువు.

15. బంధువుల ఇంట్లో ఉంటే వసతి బిల్లు రాదు.

లండన్‌లో పిన్నిగారి ఇల్లు ఉంటే సంతోషమే. కానీ కొన్ని గ్రాంట్లు గది రసీదు చూస్తేనే వసతి డబ్బు ఇస్తాయి, కొన్ని రోజుకింత అని రసీదు లేకుండా ఇస్తాయి. మీది ఏ రకమో చూసుకుని నిర్ణయించుకోండి. బ్రిటన్‌లో వేసవి సెలవుల్లో యూనివర్సిటీ హాస్టల్ గదులు బయటివాళ్లకు అద్దెకిస్తారు; హోటల్ కంటే చవక, తరచుగా వంటగదీ ఉంటుంది. పచ్చళ్లు తీసుకెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. కోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయకు ఆ ఇబ్బంది లేదు.

16. బోర్డింగ్ పాస్ కాగితం మీదే తీసుకోండి.

ఫోన్‌లో చూపించి ఎక్కేయొచ్చు, కానీ బిల్లుల సెక్షన్‌కు కాగితం కావాలి. కౌంటర్‌లో అడిగితే ఇస్తారు. పాస్‌పోర్ట్ మీద ముద్రలే ప్రయాణానికి రుజువన్న ధీమా ఇక కుదరదు. 2025 అక్టోబరు నుంచి షెంగెన్ సరిహద్దుల్లో ముద్రల బదులు డిజిటల్ నమోదు దశలవారీగా మొదలైంది. టాక్సీ, రైలు, దుకాణం రసీదులు థర్మల్ కాగితం మీద ఉంటే అక్షరాలు కొన్ని వారాల్లో మాయమవుతాయి. ఆ రాత్రే ఫొటో తీసి, తేదీ, దేనికి పెట్టిన ఖర్చో కింద రాసి ఈమెయిల్‌లో వేసుకోండి. వేరే భాషలో ఉన్న రసీదు మీద పెన్సిల్‌తో తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రెండు మాటలు రాయండి.

17. అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు.

అక్కడ డిపార్ట్‌మెంట్, గ్రాడ్యుయేట్ స్కూల్, దక్షిణాసియా అధ్యయన కేంద్రం, విద్యార్థి సంఘం ఒక్కొక్కటీ కొంత ఇస్తాయి. అన్నీ విడివిడిగా అడగాలి. ఫుల్‌బ్రైట్-హేస్ డిసర్టేషన్ గ్రాంట్ లాంటి ఫెడరల్ నిధులకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో కావాలి కాబట్టి ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు అవి అందవు. మానవశాస్త్రం వాళ్లకు వెన్నర్-గ్రెన్ ఫౌండేషన్ ఫీల్డ్‌వర్క్ గ్రాంట్ ఉంది. 25,000 డాలర్ల దాకా ఇస్తుంది, ఏ దేశస్థులైనా అడగొచ్చు. ఫెడరల్ సొమ్ముతో కొనే టికెట్‌కు ఫ్లై అమెరికా నియమం వర్తిస్తుంది, అంటే కొన్ని మినహాయింపులు తప్ప అమెరికా విమాన సంస్థలోనే వెళ్లాలి. ఫెలోషిప్‌గా ఇచ్చే ప్రయాణ డబ్బులో ఎఫ్-1 విద్యార్థులకు 14 శాతం పన్ను ముందే పట్టుకోవచ్చు, బడ్జెట్‌లో అది కలుపుకోండి. దేశం దాటేముందు ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఏడాది లోపుదేనా, తిరిగి రావడానికి వీసా ముద్ర బతికే ఉందా చూసుకోండి. ఫీల్డ్‌వర్క్ కోసం ఆంధ్రకో తెలంగాణకో వచ్చి స్టాంపింగ్ స్లాట్ దొరక్క సెమిస్టర్ పోగొట్టుకోకూడదు.

18. తిరిగొచ్చిన వారంలోనే బిల్లులు పెట్టేయండి.

టూర్ రిపోర్టు రెండు పేజీలు చాలు: ఏం చూశారు, ఎవరిని కలిశారు, థీసిస్‌లో ఏ అధ్యాయానికి ఏం చేరింది. జీఎఫ్‌ఆర్ 12-ఎ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ అడిగే సంస్థలకు దాన్ని ఫైనాన్స్ ఆఫీసర్ సంతకంతో పంపాలి. ఇది ఆలస్యమైతే మీ ఒక్కరి డబ్బే కాదు, మీ డిపార్ట్‌మెంట్‌కు రావాల్సిన తర్వాతి విడత కూడా ఆగొచ్చు. ఫైల్లో పెట్టిన ప్రతి కాగితానికీ నకలు ఉంచుకుని, ఇన్‌వర్డ్ నంబరు రాయించుకోండి. ఆ నంబరు లేని ఫైలు గురించి అడిగితే ఎవరూ జవాబు చెప్పరు.

చివరగా, గెలిచిన దరఖాస్తు, బడ్జెట్, ఆహ్వాన లేఖల నకళ్లు మీ నంబర్లు, వ్యక్తిగత వివరాలు చెరిపేసి డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఒక ఫైలుగా పెట్టండి. వచ్చే ఏడాది దరఖాస్తు రాసే జూనియర్ దాన్ని పక్కన పెట్టుకుని రాసుకుంటారు.